చేపముల్లు వాళ్ల మూడో ఆల్బమ్

ఈస్టర్ రోజు మధ్యాహ్నం మా బావ భోజనం మధ్యలో లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో రొయ్యల ఇగురు సగం అలాగే ఉండిపోయింది. బావకి రొయ్యల ఇగురంటే ప్రాణం. కాబట్టి గొడవ ఎంత దూరం వెళ్లిందో ఇంట్లో అందరికీ అర్థమైంది. కారణం ఒక డ్రమ్మరు.

చేపముల్లు అని వైజాగ్ కుర్రాళ్ల రాక్ బ్యాండ్ ఒకటుంది. నలుగురు. తెలుగులోనే రాసుకుని పాడతారు, సినిమా పాటల జోలికి పోరు. ఇప్పటికి మూడు ఆల్బమ్‌లు చేశారు. మొదటిది 'కరెంటు లేదు'. ఎవరిదో షెడ్డులో రికార్డు చేశారు, పాట వెనకాల లారీ హారన్లు కూడా వినబడతాయి. రెండోది 'అద్దె ఇల్లు'. మంచి స్టూడియోలో, కొత్త డ్రమ్మరుతో చేశారు. మా బావ జాన్సన్ దృష్టిలో చేపముల్లు మొదటి ఆల్బమ్‌తో పుట్టి మొదటి ఆల్బమ్‌తోనే చచ్చిపోయింది. నా దృష్టిలో రెండో ఆల్బమ్ వచ్చాకే వాళ్లకి వాయించడం వచ్చింది. మూడోదాని పేరు 'నెమ్మది'. దాని గురించి మా ఇద్దరికీ పేచీ లేదు. అది చెత్త.

"గోడ గడియారం మింగినవాడిలా వాయిస్తాడ్రా మీ కొత్త డ్రమ్మరు," అన్నాడు బావ ముద్ద కలుపుతూ.

"పాతవాడు పెళ్లి ఊరేగింపులో వాయించినట్టు వాయించేవాడు. అది బాగుందా మీకు?"

"అందులో ప్రాణం ఉంది. ఇందులో ఏముంది? ఏసీ ఉంది."

"అసలు మీక్కావాల్సింది సంగీతం కాదు బావా. చప్పుడు."

బావ గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. పద్నాలుగేళ్లుగా పిల్లలకి ధ్వని పాఠం చెప్తున్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, కుర్చీ వెనక్కి జరిపి, లేచి వెళ్లిపోయాడు.

"పండగ పూట సిగ్గుండాలి ఇద్దరికీ," అంది మా అక్క శాంతి.

అమ్మ లేచింది. బావ కంచం మీద ఇంకో కంచం బోర్లించి లోపల పెట్టింది, తర్వాతైనా తింటాడేమోనని. తినలేదు. నాలుగింటికల్లా కవలల్ని కారెక్కించుకుని గుడివాడ వెళ్లిపోయారు.

ఆ పూట మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది ఒక్క విషయంలోనే. అది గొడవకి ముందే తేలిపోయింది. మా అమ్మ ఆనందమ్మ బందరు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఏప్రిల్ నెలాఖరుకి రిటైరవుతోంది. రిటైరయ్యాక గుడివాడ వెళ్లి అక్క దగ్గర ఉంటుంది, కవలల్ని చూసుకుంటుంది. అక్కకి బ్యాంకు, బావకి కాలేజీ, పిల్లలకి ఐదేళ్లు. ఇది ఎవరు నిర్ణయించారని అడిగితే చెప్పలేను. మంచి విషయం కాబట్టి దానంతటదే నిర్ణయమైపోయింది. అమ్మకి చెప్పాం. "సరే," అంది.

*

ఆ తర్వాత నెల రోజులు నేనూ బావా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోలేదంటే ఫోన్లో మాట్లాడుకోలేదని. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇద్దరం తీరిక లేకుండా ఉన్నాం.

'చేపముల్లు కృష్ణా జిల్లా' అని మాకో గ్రూపుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ, అన్నీ కలిపి ఇరవై ఆరు మంది. అడ్మిన్ నా స్నేహితుడు షాబాజ్. బందరులో రోల్డ్ గోల్డ్ గాజులకి పూత వేసే పని వాడిది. వాడికి మూడు ఆల్బమ్‌లూ ఇష్టమే. "పైన పూత మారిందంతే కదరా, లోపల రాగి అదేగా," అంటాడు. అందుకని వాడి మాటకి రెండు వర్గాల్లోనూ విలువ లేదు.

బావ ముందు పదకొండు పాయింట్లు రాసి పెట్టాడు. ఏడో పాయింటు పక్కన గ్రాఫ్ కూడా గీశాడు. మొదటి ఆల్బమ్‌లో శబ్దం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గిందో, రెండోదాంట్లో ఎలా చదునుగా ఉండిపోయిందో అందులో ఉంది. నేను బంటుమిల్లిలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే లాబ్‌లో పని చేస్తాను. శాంపిల్ సీసా ఒక చేతిలో పట్టుకుని, నీళ్లు చిలికే ఏరేటర్ల పక్కన చెరువు గట్టు మీద నించుని తొమ్మిది నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాను. పాట పాటకీ జవాబు చెప్పాను. దానికి బావ ఒక్క వాక్యం రాశాడు.

"వెనకాల చెరువులో ఏరేటర్ చప్పుడు నీ వాదన కంటే బాగుంది."

ఇరవై రెండు మంది నవ్వారు. లెక్కపెట్టాను.

అప్పుడు నేను బావ లైవ్ షో సంగతి ఎత్తాను. ఆయన చేపముల్లు వాళ్లని 2018లో వైజాగ్ బీచ్ దగ్గర లైవ్‌లో చూశాడు. ఎవరేం మాట్లాడుతున్నా చివరికి అక్కడికే తీసుకొస్తాడు. మొదట్లో చెప్పినప్పుడు ఆ షోకి డెబ్భై మంది వచ్చారు. తర్వాత నలభై అయ్యారు. ఈ మార్చికి పద్దెనిమిది మంది మిగిలారు. "ఇంకో రెండేళ్లు పోతే ఆ షోకి బ్యాండ్ కూడా రాలేదంటారేమో చూడండి," అని రాశాను.

బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి 'అసలు చేపముల్లు' అని కొత్త గ్రూపు పెట్టి పదకొండు మందిని లాక్కుపోయాడు. షాబాజ్ రెండింట్లోనూ ఉన్నాడు.

"నువ్వు ఎటువైపురా?" అని అడిగాను.

"నాకు వంట రాదురా. మీ అక్క చేసే పులావు కావాలి, మీ అమ్మ చేసే పచ్చడి కావాలి," అన్నాడు.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఏడుపు ఒక్కటే తక్కువ. "మీ బావ పిల్లల్ని 'బల్లి' పాట పాడి నిద్రపుచ్చుతున్నాడ్రా. అరుస్తున్నాడు. వాళ్లెలా నిద్రపోతారు?" అంది. 'బల్లి' మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. నిజం చెప్పాలంటే నాకూ ఇష్టమే, కానీ ఆ రోజుల్లో చచ్చినా ఒప్పుకునేవాణ్ని కాదు.

ఇంతలో వార్త వచ్చింది. చేపముల్లు వాళ్లు మే రెండో శనివారం గుడివాడ వస్తున్నారు. ఒక కాలేజీ మైదానంలో షో. రెండు గ్రూపుల్లోనూ జనానికి పిచ్చెక్కిపోయింది. వైజాగ్, హైదరాబాద్ తప్ప ఇంకెక్కడా వాయించని వాళ్లు గుడివాడ రావడమంటే మామూలు సంగతి కాదు. బావ ఎవరి ద్వారానో ముందే నాలుగు టికెట్లు సంపాదించి ఉంచాడని అక్క చెప్పింది. తనకి, అక్కకి, షాబాజ్‌కి, నాకు. ఈస్టర్‌కి ముందు తీసుకున్నవి.

"నాది ఇంకా ఉంచాడా?"

"చించెయ్యబోతే నేను దాచాను," అంది అక్క.

*

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకరోజు అమ్మ వంటింట్లో చింతచిగురు నలుపుతోంది. నేను హాల్లో స్పీకర్ పెట్టుకుని రెండో ఆల్బమ్ వింటున్నాను.

"మార్కూ, అది ఆపి ఆ కిటికీ పాట పెట్టు."

"ఏ కిటికీ?"

"మీ చేపముల్లు వాళ్లదే. మూడోదాంట్లో చివరిది."

నేను లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. రెండేళ్లుగా ఆ ఇంట్లో స్పీకర్ మోగుతోంది. వంటింట్లో ఒక మనిషి ఉందనీ, ఆవిడ కూడా వింటోందనీ నాకెప్పుడూ తట్టలేదు.

"అది బోరమ్మా. ఎనిమిది నిమిషాల పాట. ఒకడు కిటికీ పక్కన కూర్చుంటాడు, బయట తెల్లారుతుంది. అంతే. ఏమీ జరగదు."

"ఏమీ జరక్కుండా తెల్లారడం ఎంత కష్టమో నీకేం తెలుసురా," అంది అమ్మ చిగురు మీంచి తలెత్తకుండా. "నైట్ డ్యూటీకి వెళ్లినప్పుడు వార్డులో ఎంతమంది ఉన్నారో, పొద్దున్న ఆరింటికీ అంతమందీ ఉంటే బల్ల మీద తల ఆన్చి స్తోత్రం చెప్పుకునేవాళ్లం. ఆ పాట అదే."

"కాదమ్మా. అది ప్రేమ పాట. అమ్మాయి కోసం ఎదురు చూస్తుంటాడు."

"నువ్వు సరిగ్గా వినలేదు. ఆ గదిలో మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు. వాళ్లకి మెలకువ వస్తుందేమోనని అంత మెల్లిగా పాడతాడు."

నాకు నవ్వొచ్చింది. పాట పెట్టాను గానీ నేను వినలేదు. హాల్లోకి వచ్చి గ్రూపులో రాశాను. మూడో ఆల్బమ్‌కి మొత్తానికి ఒక అభిమాని దొరికారు, మా అమ్మగారు, అది నర్సుల పాటట, అని. షాబాజ్ దాన్ని అవతలి గ్రూపులో కూడా పెట్టాడు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. కాసేపటికి బావ దగ్గర్నుంచి, నెల రోజుల్లో మొదటిసారి, నాకు నేరుగా మెసేజ్ వచ్చింది.

"అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. హహహ."

"హహహ," అని నేనూ పెట్టాను. ఇంక రాజీ అయిపోయినట్టేనని చాలా సంతోషించాను. ఆ రాజీ ఎవరి మీద నవ్వితే వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

ముప్ఫయ్యో తారీఖున ఆసుపత్రిలో అమ్మకి శాలువా కప్పి, మిక్సీ బహుమతి ఇచ్చి పంపించారు. ఆ తర్వాత వారం రోజులూ పెరట్లో బట్టలు ఆరేస్తూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ కనిపించేది. చర్చి వాళ్లయి ఉంటారనుకున్నాను.

*

షోకి రెండు రోజుల ముందు కవలలిద్దరికీ గవదబిళ్లలు వచ్చాయి. అక్క ఇల్లు కదలడానికి లేదు. ఫోన్ చేసి ఆర్డరు వేసింది.

"అమ్మ ఎలాగూ శనివారం సామానుతో వస్తోందిగా. నా టికెట్ మీద అమ్మ వెళ్తుంది. మీ ఇద్దరి మధ్యలో అమ్మని కూర్చోబెట్టండి. కాదంటే ఎవ్వరూ వెళ్లొద్దు."

శనివారం మధ్యాహ్నం షాబాజ్ కారులో బయల్దేరాం. వెనక డిక్కీలో రెండు సూట్‌కేసులు, దుప్పట్ల మూట, బహుమతి మిక్సీ. పెడన దాటాక కారులో ఏసీ పని చెయ్యడం మానేసింది. అద్దాలు దించితే మే నెల గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు వచ్చింది. అమ్మ దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గుడ్లవల్లేరు దగ్గర మాత్రం, "షో ఎన్ని గంటలు ఉంటుంది బాబూ?" అని షాబాజ్‌ని అడిగింది.

"రెండు గంటలుంటుందండి పిన్నిగారూ. మీకు ఇబ్బందైతే మధ్యలో తీసుకొచ్చేస్తాను."

"ఇబ్బందేం లేదు. చివర్లో కదా కిటికీ వాయించేది."

సాయంత్రం ఆరున్నరకి మైదానంలో నాలుగు వందల మంది దాకా ఉన్నారు. ముందు నించునేవాళ్లు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. బావ 2018 నాటి చేపముల్లు టీషర్టు వేసుకొచ్చాడు. అది ఆయన పొట్ట దగ్గర చాలా ఓర్పుగా ఉంది. నేను 'అద్దె ఇల్లు' టీషర్టు వేసుకున్నాను. మధ్యలో అమ్మ, గంజి పెట్టిన నేత చీర, ఒళ్లో నల్ల హ్యాండ్‌బ్యాగ్. బావ నాతో మాట్లాడాలంటే అమ్మ తల మీంచి మాట్లాడాలి. అది మర్యాద కాదు గనక ఇద్దరం ఊరుకున్నాం.

'బల్లి'తో మొదలుపెట్టారు. బావ లేచి నించుని రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. నేను కావాలని కూర్చున్నాను. తర్వాత రెండో ఆల్బమ్ పాట వచ్చింది. నేను లేచాను, ఆయన కూర్చున్నాడు. అలా గంటసేపు మేమిద్దరం త్రాసు పళ్లేల్లా లేస్తూ కూర్చుంటూ ఉంటే, అమ్మ మధ్యలో ముల్లులా నిటారుగా కూర్చుంది. ముందు వరసలో గెంతి గెంతి ఒక కుర్రాడు సొమ్మసిల్లి పడిపోయాడు. అమ్మ వెళ్లి, వాడి కాళ్లు పైకెత్తించి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసి కలిపి తాగించి వచ్చి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. అలాంటి పొట్లాలు ఆ బ్యాగులో ఇంకో పది ఉన్నాయి.

అప్పుడు గాయకుడు లోహిత్ మైకు దగ్గరికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"మూడో ఆల్బమ్ నెమ్మదిగా ఉందని మీరంతా మమ్మల్ని తిట్టారు," అన్నాడు. జనం ఈలలు వేశారు. "విన్నాం. అందుకే ఇవాళ 'కిటికీ' మీకోసం కొత్తగా. ఫుల్ స్పీడు!"

డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఎనిమిది నిమిషాల పాటని మూడు నిమిషాల్లో తేల్చేశారు. మైదానం అంతా గెంతింది. నిజంగా బ్రహ్మాండంగా ఉంది. నేనూ బావా ఒకేసారి లేచి నించున్నాం, ఆ సాయంత్రం మొదటిసారి. ఆయన చెయ్యి చాపాడు. నేను అందుకున్నాను. పాట అయిపోయింది. అప్పుడు చూస్తే మా మధ్య కుర్చీ ఖాళీగా ఉంది.

అమ్మ జనంలోంచి స్టేజీ వైపు నడుస్తోంది. వార్డులో నడిచినట్టు, తొందర లేకుండా, ఎవరికీ తగలకుండా. జనం దారి ఇచ్చారు, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని ఉంటారు. నేను పరిగెత్తి అందుకునేసరికి స్టేజీ ముందుకు వెళ్లి చెయ్యెత్తి నిలబడింది.

లోహిత్ వంగి చూశాడు. "ఏం కావాలమ్మా? మంచినీళ్లా?"

"ఆ పాట అంత తొందరగా వాయించారేంటి? నాకు నచ్చలేదు."

మైకు దగ్గరగా ఉంది. మాట మైదానమంతా వినబడింది. ఒక్కసారిగా నవ్వులు. నేను అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. "రామ్మా, పదమ్మా," అన్నాను. విదిలించుకుంది. అరవై రెండేళ్ల మనిషి, నన్నెప్పుడూ విదిలించుకోలేదు.

లోహిత్ కూడా నవ్వుతున్నాడు. "జనానికి స్పీడు కావాలమ్మా."

"మంచం మీద మనిషి పడుకుని ఉండగా అలా గెంతుతూ పాడతారా బాబూ?"

లోహిత్ నవ్వు ఆగిపోయింది. మైకుని చేత్తో మూసి స్టేజీ అంచున గొంతుక్కూర్చున్నాడు. తర్వాత మాటలు మా ముగ్గురికే వినబడ్డాయి.

"మంచం సంగతి మీకెవరు చెప్పారండీ? పాటలో ఎక్కడా ఆ మాట లేదు."

"ఉండక్కర్లేదు. వినబడుతోంది."

"మా నాన్నగారండి," అన్నాడు. "ఇప్పుడు నెమ్మదిగా వాయిస్తే సగం మంది లేచిపోతారు."

"పోనివ్వండి. సోడా తాగి వస్తారు."

అతను లేచి వెనక్కి తిరిగి డ్రమ్మరుతో ఏదో అన్నాడు. ఆ కొత్త డ్రమ్మరు, మేం నెల రోజులు కొట్టుకు చచ్చింది ఎవరి కోసమో అతను, కర్రలు కింద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఎనిమిది నిమిషాలూ పాడారు. నిజంగానే సగం మంది సోడా బండి దగ్గరికి పోయారు. మేం కుర్చీల్లో కూర్చున్నాం. ఆ పాట నేను ముప్ఫైసార్లు సగంలో ఆపేసి ఉంటాను. నాలుగో నిమిషం దాటాక లోహిత్ గొంతు ఇంకా తగ్గింది, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడిలా. అప్పుడు నాకూ వినబడింది. గదిలో ఎవరో ఉన్నారు. ఊపిరి తీస్తున్నారు. నేను కుర్చీలో కదలడం మానేశాను.

పాట అయ్యాక బావ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత, ఈసారి అమ్మ తల మీంచి కాకుండా, అమ్మతోనే అన్నాడు. "అత్తయ్యగారూ, నాకిది ఇన్నాళ్లూ వినబడలేదండీ."

"మీకు చప్పుడెక్కువ ఇష్టం కదా," అంది అమ్మ మామూలుగా.

నేను అంటే భోజనం మానేసిన మనిషి, అమ్మ అంటే తలూపాడు.

*

మర్నాడు పొద్దున అక్క వాళ్ల హాల్లో అమ్మ సామాను గోడ పక్కనే ఉంది. తాళాలు కూడా తియ్యలేదు. కవలలు జోయల్, జోనా, బుగ్గలు వాచి రెండు బన్నుల్లా సోఫాలో కూర్చుని ఉన్నారు. అక్క ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. స్కూలు బస్సు ఏడూ నలభై ఐదు, మధ్యాహ్నం భోజనం, ట్యూషన్, అన్నీ వరసగా ఉన్నాయి.

"స్కూళ్లు తెరిచే లోపు నీకు అలవాటైపోతుందమ్మా," అంది అక్క టీ ఇస్తూ.

అమ్మ కాగితం మొత్తం చదివింది. "బాగా రాశావు," అంది. టీ ఒక గుక్క తాగింది. "పిల్లలకి తగ్గేదాకా ఉంటాను. పది రోజులు పడుతుంది. తర్వాత నాగాయలంక వెళ్తాను. మెహజబీన్ అక్కడ ఆసుపత్రి పెట్టిందిగా. నర్సు కావాలంది. జూన్ ఒకటి నుంచి వస్తానని చెప్పాను."

మెహజబీన్ అంటే ఒకప్పుడు బందరులో అమ్మ దగ్గర ఇంజెక్షన్ చెయ్యడం నేర్చుకున్న డాక్టరమ్మ. పెరట్లో ఫోన్లన్నీ ఆవిడవే అని అప్పుడు తెలిసింది.

బావ, "మరి పిల్లలో?" అన్నాడు.

"మీ పిల్లలే కదండీ."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నేను ఉద్యోగం మానెయ్యాలా?"

"ఎందుకు మానడం? నువ్వు పుట్టినప్పుడు నేను మానలేదే."

"అప్పుడు అమ్మమ్మ ఉంది కాబట్టి."

"ఉంది," అంది అమ్మ. కప్పు కింద పెట్టింది. "ఆవిణ్ని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు శాంతీ. ఇప్పుడు అడుగుదామంటే లేదు."

అక్క ఏడ్చింది. కోపమో బాధో నాకు తెలియలేదు, రెండూ అయ్యుంటాయి. అమ్మ పక్కకి వెళ్లి వీపు నిమిరింది గానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను ఫ్రిజ్ మీది కాగితం చూస్తూ నిలబడ్డాను. అందులో అమ్మ నిద్ర లేచే టైము కూడా రాసి ఉంది.

"మాకు ముందే చెప్పొచ్చుగా అమ్మా," అన్నాను.

"ఎలా చెప్పాలో తెలియలేదురా. నిన్న మైకులో చెప్పాక ఇది పెద్ద కష్టం కాదనిపించింది."

*

జూన్‌లో మా ఇళ్లు రెండూ తలకిందులయ్యాయి. అక్క పక్కవీధి రత్నకుమారిగారిని మధ్యాహ్నాలకి కుదుర్చుకుంది. బావ కాలేజీలో బతిమాలి పొద్దుటి క్లాసులు పెట్టించుకున్నాడు. శని, ఆదివారాలు నేను గుడివాడ వెళ్లాలని తీర్మానమైంది. అందుకు నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఒక శనివారం నేనూ బావా కలిసి పిల్లలకి తలంటు పోశాం. ముగిసేసరికి పిల్లలు శుభ్రంగా ఉన్నారు, మేమిద్దరం కుంకుడు పులుసుతో కళ్లు మండి గోడలు తడుముకుంటున్నాం.

గుడివాడ షో వీడియో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. దాంతో కొత్త యుద్ధం మొదలైంది. నెమ్మదిగా పాడిన 'కిటికీ' బ్యాండ్ చరిత్రలోనే గొప్ప లైవ్ అని కొందరు. బాగానే ఉంది గానీ ముందున్న ఆంటీ మాటలు కత్తిరించాలని కొందరు. హైదరాబాద్ వాడొకడు, "ఆ ఆంటీ ఎవరో గానీ షో చెడగొట్టింది," అని రాశాడు.

బావ ఆ రాత్రే పద్నాలుగు పాయింట్లతో జవాబు రాశాడు. నాకు చూపించి, "పదిహేనోది నువ్వు చెప్పు," అన్నాడు. చెప్పాను. రెండు గ్రూపులూ కలిసిపోయాయి. ఇప్పుడు ఇరవై తొమ్మిది మంది. అమ్మని చేర్చుకుంటామని షాబాజ్ ఫోన్ చేస్తే, "అంత తీరిక లేదు బాబూ," అందట.

జూలైలో ముసురు పట్టింది. అమ్మ సోమవారం వెళ్లి గురువారం దాకా నాగాయలంకలో ఆసుపత్రి వెనక గదిలో ఉంటుంది. "ఈ వానల్లో ఒక్కతే అక్కడెందుకు? నువ్వెళ్లి నచ్చజెప్పి తీసుకురా," అని అక్క నన్ను పంపింది. బుధవారం సెలవు పెట్టి బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, అంతటా నారుమళ్లలో నీళ్లు. నాగాయలంకలో దిగేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది.

ఆసుపత్రి అంటే రెండు గదులూ ఒక వరండా. వరండాలో బెంచీల మీద పదిహేను మంది ఉన్నారు. లోపల అమ్మ ఎవరి వేలికో కట్టు విప్పుతోంది. నన్ను చూసింది.

"వచ్చావా? కూర్చో, వరసలో కూర్చో. పని అవ్వాలి."

కూర్చున్నాను. పక్కన పీత కొరికిన చెయ్యి పట్టుకుని ఒకాయన ఉన్నాడు. పేరు యలమంద అని చెప్పాడు.

"మీకేం బాధండీ?" అని అడిగాడు.

"నాకేం లేదండీ. ఆ నర్సమ్మగారు మా అమ్మ. ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను."

ఆయన నన్ను తేరిపారా చూసి, బెంచీ అవతలి చివరి దాకా వినబడేలా అన్నాడు. "ఇదిగో, ఈ అబ్బాయి నర్సమ్మగార్ని తీసుకెళ్లిపోతాడంట!"

పదిహేను తలలూ నా వైపు తిరిగాయి. "ఎక్కడికయ్యా తీసుకెళ్లేది?" అంది ఎదుటి బెంచీ మీది ముసలావిడ. "నా కాలి పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది. ఎవరు కడతారు, నువ్వు కడతావా?" ఒళ్లో పిల్లాడున్న ఆమె లేచి వచ్చి నేను ఏ ఊరివాడినో, అమ్మని బాగా చూసుకుంటానో లేదో విచారించింది. ఎవరో గుమ్మం దగ్గర నించున్నారు, నేను పారిపోతానేమో అన్నట్టు.

అమ్మ బయటికి వచ్చింది. "ఏంటి గోల? తర్వాత ఎవరు?"

అందరూ నన్ను చూశారు. నేను లేచాను.

"నేను కాదమ్మా. ఊరికే చూసి పోదామని వచ్చాను."

"చూశావుగా," అంది అమ్మ. లోపలికి వెళ్లి ఒక కత్తెరా, కట్టు గుడ్డ చుట్టా తెచ్చి నా చేతిలో పెట్టింది. "జానెడు ముక్కలు కత్తిరించు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే."

నాలుగింటి బస్సు దాకా కత్తిరించాను. వంకరగా వస్తున్నాయని రెండుసార్లు తిట్టింది. మూడోసారి వచ్చి చూసి, ఏమీ అనకుండా ముక్కలన్నీ ట్రేలో వేసుకుని లోపలికి తీసుకెళ్లింది.